గుండెకి కట్టిన తీగ

పోయిన వారం మన గ్రూపులో ఒక అమ్మమ్మగారు ఫోటో పెట్టి అడిగారు, గుర్తుందా? మనవడికి గుండెలో చిల్లు మూసే ఆపరేషన్ అయింది. పొట్ట పైభాగంలోంచి సన్నటి తీగలు బయటికొచ్చి చిన్న పెట్టెకి కలిసున్నాయి. "ఇదేంటమ్మా, భయంగా ఉంది" అని. ఫ్రిస్కోలో నైట్ డ్యూటీ దిగొచ్చి రెండు ముక్కల్లో జవాబిచ్చాను గానీ, ఆ తీగ కథ అంత చిన్నది కాదు.

1954లో మిన్నెసోటా యూనివర్సిటీలో డాక్టర్ వాల్టన్ లిల్లెహై పిల్లల గుండె తెరిచి ఇలాంటి చిల్లులు కుట్టడం మొదలుపెట్టారు. మొదట్లో పక్క బల్ల మీద తల్లినో తండ్రినో పడుకోబెట్టి, వాళ్ళ రక్తప్రసరణకే బిడ్డని కలిపేవారు. (నేనూ ఈ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను లెండి.) చిల్లయితే మూసుకునేది. కానీ గుండెకి "కొట్టుకో" అనే కబురు మోసే దారి సరిగ్గా ఆ చిల్లు అంచునే పోతుంది. కుట్టు దానికి తగిలితే కబురు కింది గదులకి అందదు. అదే హార్ట్ బ్లాక్. అలా అయిన పిల్లలు దాదాపు ఎవరూ దక్కేవారు కాదు. 1952లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ పైనుంచి కరెంటు ఇచ్చే పద్ధతి చూపించారు గానీ, దానికి చర్మం కాలేది. పసివాళ్ళు ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు?

1957 జనవరిలో లిల్లెహై బృందం ఒక చిన్నపిల్ల గుండె కండరానికే తీగ గుచ్చి, రెండో కొసని బయటికి తెచ్చింది. కొద్దిపాటి కరెంటుకే గుండె మాట వింది. అయితే ఆ మిషన్ గోడ ప్లగ్గుకి కట్టి ఉండేది. వైరు ఎంత పొడుగో బిడ్డ లోకం అంతే. అదే ఏడు అక్టోబర్ 31న ఊరంతా కరెంటు పోయింది. ఆ రాత్రి ఒక బిడ్డ పోయిందని చెప్తారు.

లిల్లెహై హాస్పిటల్ పరికరాలు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్‌ని పిలిచి, బ్యాటరీతో నడిచేది కావాలన్నారు. సంగీతానికి తాళం వేసే మెట్రోనోమ్ సర్క్యూట్ ఒకటి ఆయన ఒక పత్రికలో చూసి ఉన్నారు. దాన్నే మార్చి, నాలుగు వారాల్లో, గరాజ్‌లో, అరచేతిలో పట్టే పెట్టె చేశారు. ముందు కుక్క మీద చూశారు. మర్నాడు బాకెన్ వెళ్ళేసరికే అది ఒక బిడ్డ ఒంటి మీద ఉంది! ఆయన కంపెనీయే మెడ్‌ట్రానిక్.

ఇప్పుడూ పద్ధతి అదే. చాలామందికి కొద్దిరోజుల్లో సొంత లయ తిరిగొస్తుంది. వారం పది రోజులైనా రాకపోతేనే పర్మనెంట్ పేస్‌మేకర్ మాట ఎత్తుతారు. తీగలు తీయడానికి మళ్ళీ కోయరు, మంచం మీదే మెల్లగా లాగేస్తారు.

అన్నట్టు, ఆ అమ్మమ్మగారి మనవడికి నిన్న తీసేశారట. ఇడ్లీ అడిగాడట.