మెదక్ ఎంపీ, చైనా వజీర్, ఒక అవార్డు

1983లో ఐక్యరాజ్యసమితి మొట్టమొదటి జనాభా అవార్డును ఇద్దరికి పంచి ఇచ్చింది. ఒకరు చైనా కుటుంబ నియంత్రణ వజీర్ చియెన్ సిన్‌చుంగ్. రెండోవారు మన మెదక్ ఎంపీ. ఔను, మన మెదక్ ఎంపీయే. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరా గాంధీ రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ నిలబడ్డారు. ఎస్. జైపాల్ రెడ్డి మీద రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచి, రాయ్‌బరేలీ వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురైన రోజు దాకా ఆమె మన నుమాయిందానే.

ఆ అవార్డు సంగతి మన తవారీఖ్‌లో ఎవరూ చెప్పుకోరు. సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు బుజుర్గులను కదిపితే ఇందిరమ్మ అంటే కార్ఖానాలు గుర్తొస్తాయి. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, ఊళ్ళో పిల్లలకు దొరికిన నౌకరీలు. నస్‌బందీ మాట తీస్తే మాత్రం చెయ్యి ఢిల్లీ వైపు చూపిస్తారు. తుర్క్‌మాన్ గేట్, ముజఫర్‌నగర్, హర్యానాలో మేవ్ ముసల్మాన్ల ఉటావడ్ గ్రామం. నిజమే, 1976లో అక్కడ జరిగింది జుల్మ్. పోలీసులు ఊరిని చుట్టుముట్టి మగాళ్ళను పట్టుకుపోయారు.

మరి మన దగ్గర? ఎమర్జెన్సీ మీద విచారణ చేసిన షా కమిషన్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 1976-77లో కేంద్రం మన రాష్ట్రానికి పెట్టిన లక్ష్యం 4 లక్షల ఆపరేషన్లు. జలగం వెంగళరావు హుకూమత్ చేసి చూపించినవి 7 లక్షలకు పైనే. ఉత్తరాదిలో జనం కోపం కాంగ్రెస్‌ను ఊడ్చిపారేసింది. ఇక్కడేమో 1977లో 42 లోక్‌సభ సీట్లకు 41 అదే పార్టీ గెలిచింది, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. నా ఉద్దేశంలో మన దగ్గర లాఠీ తక్కువ, దఫ్తర్ ఎక్కువ. ఆ దబావ్‌ను జనం జుల్మ్ అని గుర్తుపట్టలేదు, సర్కారీ పని అనుకున్నారు. అందుకే మరిచిపోయారు కూడా.

అసలు మార్పు ఆ తరవాత వచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 82 లక్షల ఆపరేషన్లు జరిగితే అందులో 62 లక్షలు మగాళ్ళవి. మగాళ్ళ ఇజ్జత్ దెబ్బతిన్నది కాబట్టి హుకూమత్ కూలింది. ఆ సబక్‌ను సర్కార్లన్నీ బాగా నేర్చుకున్నాయి. మళ్ళీ ఏ పార్టీ మగాడి జోలికి పోలేదు. బోజ్ మొత్తం ఔరత్ నెత్తిన పెట్టారు. ల్యాపరోస్కోపులు వచ్చాయి, క్యాంపులు వచ్చాయి, స్కూలు గదుల్లో వరసగా పడుకోబెట్టి చేసిన రోజులు వచ్చాయి. ఇవాళ తెలంగాణలో నికాహ్ అయిన ప్రతి వంద మంది ఆడవాళ్ళలో అరవైకి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మగాళ్ళ ఆపరేషన్లు వందకు రెండు మూడు మించవు.

మన బోలీలోనే చూడండి. తెలుగులోనైనా దక్కనీలోనైనా ఒక ఆడమనిషిని "ఆపరేషన్ అయిందా?", "ఆపరేషన్ కరాలియే క్యా?" అని అడిగితే గుండె ఆపరేషనా, కిడ్నీ ఆపరేషనా అని ఎవరూ తిరిగి అడగరు. ఆ మాటకు ఒకటే అర్థం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ మంది పాతికేళ్ళు నిండకముందే ఆ పని కానిచ్చేస్తారు. పదిహేడు, పద్దెనిమిదికి షాదీ, ఇరవై రెండుకు ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, ఖేల్ ఖతం. జననాల మధ్య వ్యవధి, గోళీలు, లూప్, ఇంకో రాస్తా గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్నవాళ్ళలోనూ దేశంలో మనమే ముందు వరసలో ఉన్నాం. ఈ రెండిటికీ రిష్తా ఉందా అన్నది డాక్టర్లు తేల్చాలి.

ఇప్పుడు అవార్డు పంచుకున్న రెండో మనిషి దేశానికి వెళ్దాం. 1980 సెప్టెంబర్ 25న చైనా కమ్యూనిస్ట్ పార్టీ తన సభ్యులందరికీ ఒక ఖత్ రాసింది: జంటకు ఒకే బిడ్డ. ఈ పాలసీ వెనక లెక్కలు వేసినవాళ్ళలో సోంగ్ జియాన్ అనే మనిషి ముఖ్యుడు. ఆయన డాక్టర్ కాదు, సమాజశాస్త్రం చదివినవాడు కాదు, మిసైల్ సైంటిస్టు. (మన పటాన్‌చెరు పక్కన భానూర్‌లో కూడా మిసైళ్ళు చేస్తారు. అక్కడి ఇంజనీర్లను ఎవరైనా మీ ఖాందాన్‌లో ఎంతమంది ఉండాలో చెప్పమని అడిగితే ఎట్లుంటుందో ఊహించుకోండి.) రాకెట్ దారిని లెక్కగట్టినట్టే మనుషుల పుట్టుకనూ లెక్కగట్టారు. 1983 ఒక్క ఏడాదిలోనే చైనాలో దాదాపు రెండు కోట్ల ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం ఆడవాళ్ళకే. అదే ఏడాది అవార్డు. నోబెల్ పొందిన అమెరికన్ ఆర్థికవేత్త థియొడోర్ షుల్జ్ ఈ ఎంపికతో తనకు సంబంధం లేదని తప్పుకున్నారు.

పల్లెల్లో రైతులు తిరగబడ్డంత పని చేస్తే 1984లో చిన్న ఢీల్ ఇచ్చారు. మొదటి బిడ్డ కొడుకైతే అక్కడితో ఆపాలి. కూతురైతే ఇంకొకరిని కనొచ్చు. పైకి రహమ్‌లా కనిపిస్తుంది. కానీ బేటీ పుడితే లెక్క పూర్తి కానట్టే అని కానూనే రాసి ఇచ్చినట్టయింది. కొన్నేళ్ళకు ప్రతి జిల్లాకూ అల్ట్రాసౌండ్ మిషన్లు చేరాయి. మామూలుగా ఎక్కడైనా 100 మంది ఆడపిల్లలకు 105, 106 మంది మగపిల్లలు పుడతారు. 2004 నాటికి చైనాలో అది 121కి చేరింది. 2020 జనగణనలో ఆ దేశంలో ఆడవాళ్ళకన్నా మగాళ్ళు దాదాపు మూడున్నర కోట్లు ఎక్కువ. పెళ్ళి కాని మగాడికి వాళ్ళ జబాన్‌లో ఒక మాట ఉంది, గ్వాంగ్ గున్. ఆకుల్లేని మోడు కొమ్మ అని. ఎక్కువగా గరీబ్ జిల్లాల గరీబ్ కొడుకులే మోడు కొమ్మలవుతారు, ఎందుకంటే అమ్మాయిలు షహర్లకు వెళ్ళిపోతారు.

ఆడపిల్లలు తగ్గితే వాళ్ళ కదర్ పెరుగుతుందని కొందరు దానిష్‌మంద్‌లు చెప్పేవాళ్ళు. చైనాలో పెరిగింది కదర్ కాదు, ఖీమత్. అక్కడ పెళ్ళికొడుకు ఇంటివాళ్ళే అమ్మాయి ఇంటికి డబ్బు కట్టాలి, మన జహేజ్‌కు ఉల్టా. ఆ రకం పల్లెల్లో పెరిగిపోయింది. వియత్నాం, మయన్మార్ నుంచి అమ్మాయిలను మోసం చేసి తెచ్చి అమ్మే దలాల్‌లు పుట్టుకొచ్చారు.

మన లెక్కలు అంత ఘోరంగా లేవు గానీ దిశ అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది అబ్బాయిలకు 1991లో 975 మంది అమ్మాయిలు. 2001లో 961. 2011లో 939. లింగ నిర్ధారణను జుర్మ్‌గా చేసిన చట్టం 1994లోనే వచ్చింది. అయినా 2004లో హైదరాబాద్ కలెక్టర్‌గా ఉన్న అరవింద్ కుమార్ స్కానింగ్ సెంటర్ల రిజిస్టర్లు ఒక్కొక్కటీ తెరిపించి చూసేదాకా ఆ చట్టం మన దగ్గర కాగితమే.

మనోళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు: భాయ్, అది మన ముసల్మాన్లలో లేదు, బేటీ అల్లాహ్ కీ రహమత్. కొంతవరకు నిజం. 2001లో దేశంలో ముస్లిం పిల్లల్లో ఈ లెక్క 950, 2011లో 943. దేశం సగటు కన్నా మెరుగే. కానీ తగ్గింది. సూరా తక్వీర్‌లో సజీవంగా పూడ్చిపెట్టిన బాలిక ప్రస్తావనను ప్రతి జల్సాలో వింటాం. జల్సా నుంచి ఇంటికొచ్చి మూడో కూతురు పుట్టిన కోడలి ముందు మొహం మాడ్చుకుంటాం. అదే మొహల్లాలో జహేజ్ బైక్ నుంచి కారుకు ఎదిగింది. ఇంకో పక్క మన మీద 'హమ్ పాంచ్, హమారే పచ్చీస్' అనే ఇల్జామ్ ఇంకా తిరుగుతూనే ఉంది. దేశంలో ముస్లిం ఔరత్‌కు సగటున పుట్టే పిల్లలు 1992-93లో 4.4, 2019-21కి 2.4. ఇది వాట్సాప్‌లో తిరగదు.

ఇక పంచాయతీ. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఒక షరతు పెట్టారు. 1995 మే నెలాఖరు తరవాత మూడో బిడ్డ పుడితే సర్పంచ్, వార్డు మెంబర్ పదవులకు అనర్హులు. ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ షరతు లేదు. చట్టం చేసినవాళ్ళకు లేని పాబందీ ఊరి మనిషికి! హర్యానాలో ఇలాంటి షరతు మీదే జావేద్ అనే ఆయన పేరుతో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2003 జూలైలో కోర్టు షరతును సమర్థించింది. బిడ్డను దత్తత ఇచ్చినా అనర్హత పోదని కూడా చెప్పింది.

నామినేషన్ల స్క్రుటినీ కవర్ చేసిన ఏ విలేఖరికైనా తెలుసు, మండల ఆఫీసు వరండాలో రాజకీయం కన్నా పిల్లల పుట్టిన తారీఖుల మీదే ఎక్కువ బహస్ జరుగుతుంది. స్కూలు సర్టిఫికెట్, అంగన్‌వాడీ రిజిస్టర్, రేషన్ కార్డు. మూడో పిల్లను చాచా కూతురని రాయించినవాళ్ళు ఉన్నారు. నిర్మలా బూచ్ అనే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో దీని మీద తహ్‌ఖీఖ్ చేశారు. భార్యలను వదిలేసినవాళ్ళు, పిల్లలను దత్తత పేరుతో దాచినవాళ్ళు, కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసి తీయించినవాళ్ళు ఆమెకు కనిపించారు. పదవులు పోయినవాళ్ళలో ఎక్కువ మంది దళితులు, ఆదివాసీలు, బీసీలు. ఇటు ఆడవాళ్ళకు రిజర్వేషన్ ఇచ్చారు, అటు ఎంతమందిని కనాలో తాను తేల్చుకోలేని ఔరత్‌కు మూడో కాన్పు పేరు మీద తలుపు మూశారు. ఇద్దరు కూతుళ్ళున్న ఇంట్లో కోడలు ఏం చేయాలి? సాస్ మాట వింటే పదవి పోతుంది. కానూన్ మాట వింటే ఇల్లు పోతుంది.

ఆంధ్రప్రదేశ్ 2024 నవంబర్‌లో ఆ షరతు తీసేసింది. తెలంగాణ 2025లో తీసేసింది. 1997లో జనాభా పాలసీ తెచ్చి చిన్న కుటుంబం కోసం జోరుగా ప్రచారం చేసిన చంద్రబాబు నాయుడే ఇప్పుడు ఎక్కువ మందిని కనండి అంటున్నారు. చైనా కూడా అంతే. 2016లో ఇద్దరు, 2021లో ముగ్గురు, 2025లో పిల్లలున్న ఇంటికి నగదు. పిల్లలు మాత్రం పుట్టడం లేదు. 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతోంది.

మన జిల్లా సంగతికి వస్తాను. పాత మెదక్ జిల్లాను 2016లో మూడు ముక్కలు చేశారు. 2011 జనగణనను కొత్త హద్దుల ప్రకారం లెక్కగడితే ఇప్పటి మెదక్ జిల్లాలో వెయ్యి మంది మగాళ్ళకు 1027 మంది ఆడవాళ్ళు. పక్కనే ఉన్న సంగారెడ్డిలో 965. స్కానింగ్ మిషన్లతో దీనికి పని లేదు, ఇది మజ్దూరీ చేసిన ఫరక్. అటు పల్లెల మగాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళిపోయారు. ఇటు పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం వైపు బిహార్, ఒడిశా, యూపీ, జార్ఖండ్ నుంచి జవాన్లు వచ్చారు. మన దగ్గర సగటున 1.8 మంది పిల్లలు, బిహార్‌లో 3. మనం కనని పిల్లల పని వాళ్ళు కన్న పిల్లలు చేస్తున్నారు. ఒక రేకుల గదిలో ఆరుగురు, ఎనిమిది మంది, షిఫ్టుకొకరు అదే చాపమీద. వీళ్ళు చైనా మోడు కొమ్మలు కారు. చాలామందికి ఊళ్ళో బీవీ, పిల్లలు ఉన్నారు. అయినా మన మొహల్లాల్లో ఖౌఫ్ వాళ్ళ చుట్టే అల్లుకుంది. 'బ్యాచిలర్లకు కిరాయి లేదు' అని బోర్డు పెట్టేవాళ్ళే ఎక్కువ కిరాయికి వాళ్ళనే కుక్కుతారు. ఆ ఖౌఫ్ బిల్లు మాత్రం మన బేటీలు కడుతున్నారు. దారిలో మగాళ్ళ గుంపులున్నాయని పదో తరగతి తరవాత కాలేజీ మాన్పించిన ఇళ్ళు నాకు తెలుసు. ఏడాది తిరగకుండా రిష్తా చూసేస్తారు. ఇరవై రెండుకు ఆపరేషన్.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా మజ్దూర్లు చనిపోయారు. చాలామంది బయటి రాష్ట్రాలవాళ్ళే. గుర్తుపట్టలేని మయ్యత్‌లకు డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. నమూనా ఇవ్వడానికి ఎక్కడెక్కడి నుంచో వాళ్ళ రక్తసంబంధీకులు రైళ్ళు ఎక్కి పటాన్‌చెరు వచ్చారు.