ఇతరుల కోసం ప్రార్థన: క్రైస్తవ విశ్వాసంలో విజ్ఞాపన, విమోచన

తన అవసరాల కోసం కాక, మరొకరి క్షేమం కోసం దేవుని సన్నిధిలో చేసే మనవిని తెలుగు క్రైస్తవులు విజ్ఞాపన ప్రార్థన అంటారు. రోగులు, ఖైదీలు, పాలకులు, చివరకు శత్రువుల కోసం కూడా ఈ ప్రార్థన చేస్తారు. దీనికి ఆధారం ప్రార్థించే వ్యక్తి యోగ్యత కాదు. క్రీస్తు సిలువ మరణం వల్ల మానవాళికి విమోచన కలిగిందన్న విశ్వాసమే.

బైబిలులో మూలాలు

సొదొమ పట్టణాన్ని నాశనం చేయవద్దని అబ్రాహాము వేడుకున్నాడు. బంగారు దూడను పూజించిన ఇశ్రాయేలీయులను క్షమించమని మోషే బతిమాలాడు. తనను నిందించిన స్నేహితుల కోసం యోబు ప్రార్థించాడు. కొత్త నిబంధనలో యోహాను సువార్త 17వ అధ్యాయం యేసు తన శిష్యుల కోసం చేసిన ప్రార్థన. సిలువ వేసినవారిని క్షమించమని ఆయన తండ్రిని వేడుకున్నట్లు లూకా సువార్త చెబుతుంది.

విజ్ఞాపనకు, విమోచనకు ఉన్న సంబంధం తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో స్పష్టమవుతుంది. రాజులు, అధికారులు సహా మనుషులందరి కోసం ప్రార్థించాలని అక్కడ బోధ ఉంది. ఆ వెంటనే, దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేననీ, అందరి విమోచనకు ఆయన తననే క్రయధనంగా ఇచ్చుకున్నాడనీ వివరణ వస్తుంది. విమోచన అందరిదీ అయినప్పుడు ప్రార్థన నుంచి ఎవరినీ మినహాయించడానికి వీలు లేదన్నది దాని సారాంశం.

సంప్రదాయ భేదాలు

కతోలికులు, ఆర్థడాక్సు క్రైస్తవులు తమ కోసం ప్రార్థించమని మరియమాతను, పునీతులను కూడా వేడుకుంటారు. ప్రొటెస్టెంటు సంఘాలలో అత్యధికం క్రీస్తు ద్వారా మాత్రమే ప్రార్థిస్తాయి. కతోలిక దేవాలయాలలో గుడ్ ఫ్రైడే రోజున పది విజ్ఞాపనలు వరుసగా సాగుతాయి. యూదులు, క్రీస్తును విశ్వసించనివారు, దేవుణ్ణే నమ్మనివారు, ప్రభుత్వాధికారులు, కష్టాలలో ఉన్నవారు అందులో ఉంటారు.

ఒంగోలు కొండ

తెలుగునాట ఈ విశ్వాసానికి బాగా తెలిసిన గుర్తు ఒంగోలులోని ప్రార్థన కొండ. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ స్థాపించినా, చాలా ఏళ్లు ఫలితం స్వల్పమే. మిషన్‌ను మూసివేయాలా అని స్వదేశంలో చర్చ కూడా జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జువెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలు ప్రాంత ప్రజల కోసం, అక్కడ పని చేసే ఒక సేవకుని కోసం ప్రార్థించారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. 1876-78 మహా కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా, సహాయ కార్యక్రమాలు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. తిరిగి మొదలైన తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

విశ్వాసులు దీన్ని కొండపై చేసిన ప్రార్థనకు జవాబుగా భావిస్తారు. కరవు, కుల అణచివేత, ఆత్మగౌరవం కోసం ఆరాటం, ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల కృషి ఇందుకు కారణాలని సామాజిక చరిత్ర చూపుతుంది.

ప్రార్థన, వైద్యం, సహాయం

ప్రార్థన ఫలితాన్ని శాస్త్రీయంగా కొలిచే ప్రయత్నాలూ జరిగాయి. అమెరికాలోని ఆరు ఆసుపత్రులలో గుండె బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. అపరిచితులు చేసిన ప్రార్థనల వల్ల వారిలో ఇబ్బందులు తగ్గలేదు. పైగా, తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవారిలో 59 శాతం మందికి సమస్యలు తలెత్తాయి; ఆ సంగతి తెలియకుండా ప్రార్థన పొందినవారిలో అది 52 శాతం. దేవుణ్ణి ప్రయోగంతో పరీక్షించలేమన్నది చాలామంది విశ్వాసుల వాదన. ఏ అభిప్రాయం ఉన్నా, ప్రార్థన చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

విజ్ఞాపన చేసే వ్యక్తిపై బైబిలు మరో బాధ్యత కూడా మోపుతుంది. రోగుల కోసం ప్రార్థించమని చెప్పిన యాకోబు పత్రికే, తిండీ బట్టా లేనివారికి ఏమీ ఇవ్వకుండా శుభం పలికి పంపితే ప్రయోజనం లేదని హెచ్చరిస్తుంది. ఒంగోలు చరిత్రలో ప్రార్థన కొండతో పాటు కరవునాటి కాలువ పనినీ చెప్పుకోవడం అందుకే.