రెండో గేరు

జీపు గేరు గురించి ఈ పేజీలో రాస్తానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. "కుట్టుమిషన్లో దారం తెగితే నన్ను పిలుస్తావు, నువ్వు గేరు పెట్టె గురించి ఏం రాస్తావు?" అన్నారు మావారు. నిజమే, కాదనను. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. అయితే చరిత్ర చదివినవాళ్లకు ఒక జబ్బుంటుంది. ఏ పాత వస్తువు కనబడినా ఇదెక్కణ్ణించి వచ్చింది, ఎన్ని చేతులు మారింది అని తవ్వుతూ కూర్చుంటారు. పోయిన ఆషాఢంలో, బోనాలకని ఉప్పుగూడలో పుట్టింటికి వెళ్లినప్పుడు, గోడ వారన దుమ్ము కొట్టుకుని నిలబడ్డ మా నాన్న జీపు నాకలాంటి తవ్వకమే అయింది. తీరా తవ్వితే బయటపడింది మాత్రం నేననుకున్నది కాదు.

అది 1969 నాటి మహీంద్రా జీపు, పెట్రోలుది. నాన్న నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగి. 1986లో సర్కారువారు వేలం వేస్తే పాడుకున్నారు. అమ్మ గాజులు రెండు కుదువకు వెళ్లాయి. ఆ గాజులు తిరిగి రావడానికి మూడేళ్లు పట్టిందని అమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది. మా ఇంటి నుంచి చాంద్రాయణగుట్ట దాటితే శ్రీశైలం రోడ్డే. ప్రతి శివరాత్రికీ కల్వకుర్తి, డిండి, మన్ననూరు, ఆ తరవాత నల్లమల. వెనక బల్లల మీద నేనూ తమ్ముడూ, పులిహోర గిన్నే. నాన్న పోయి నాలుగేళ్లయింది. జీపు అప్పట్నించీ సరిగ్గా కదల్లేదు.

తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. "రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది, ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాలి. రెండో గేరు వేస్తే నిలవదు, టక్‌మని బయటికి తన్నేస్తుంది. ఇలాంటి బండిని ఎవరు పాసు చేస్తారక్కా? కబాడీవాడు తూకానికి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం" అని ఫోను. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బళ్లకు రిజిస్ట్రేషనే రద్దయింది. సొంత బళ్లకు పరీక్ష నెగ్గితే ఇంకా ఆయుష్షుంది. అమ్మ మాత్రం అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడ ఊరుకుందంటే ఒప్పుకుందని కాదు. ఈ సంగతి కూతుళ్లకు తెలిసినట్టు కొడుకులకు తెలియదు.

ఇంతకీ ఈ జీపు ఎక్కడిది? 1940లో అమెరికా సైన్యం, కొండాకోనా ఎక్కే తేలికపాటి బండి కావాలి, నమూనా 49 రోజుల్లో తయారు చేసి చూపించండని కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో నమూనా నిలబెట్టింది. కానీ పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కూ ఫోర్డుకూ దక్కాయి. పిండి రుబ్బింది ఒకరు, దోసెలు తిన్నది మరొకరు! యుద్ధం ముగిసేలోపు ఆ రెండు కంపెనీలూ ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. ఆ పేరెలా వచ్చిందో రెండు కథలున్నాయి. జి.పి. అన్న అక్షరాలే జీపయ్యాయంటారు కొందరు. పొపాయ్ బొమ్మల కథల్లో ఎక్కడికైనా దూరిపోయే వింత జంతువు పేరది అంటారు మరికొందరు.

మన దేశానికొస్తే, 1945లో మహీంద్రా సోదరులిద్దరూ గులాం మొహమ్మద్ అనే ఆయనతో కలిసి ఒక ఉక్కు వ్యాపారం మొదలుపెట్టారు. పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఈ గులాం మొహమ్మద్ 1940లలో మన నిజాం సర్కారులో ఆర్థికమంత్రిగా చేసినవాడే. దేశం రెండయ్యాక ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థికమంత్రీ, 1951లో గవర్నర్ జనరలూ అయ్యాడు. ఇక్కడ కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ముందే వేయించిన అక్షరాలు వృథా కాకుండా రెండో 'ఎం' అలాగే ఉండిపోయిందన్నమాట! విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం ఆ రోజుల్లోనే మొదలైంది.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం 55 ప్రాజెక్టులతో మొదలయ్యాక జీపు పల్లె దారి పట్టింది. బ్లాకు అధికారి జీపు, టీకాల జీపు, దోమల మందు జీపు, ఎన్నికల జీపు. "జీపొచ్చింది" అంటే సర్కారొచ్చిందని అర్థం. అమ్మ ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్లూరికి మశూచి టీకాలవాళ్లు జీపులో వస్తే, పిల్లలంతా వడ్ల గుమ్మిలో దాక్కున్నారట. "ఆ చప్పుడు వింటే ఇప్పటికీ భుజం సలుపుతది" అంటుంది నవ్వుతూ.

ఇక గేరు కథ. భయపడకండి, మనకు తెలియనిదేం కాదు. రోట్లో పప్పు పోసిన కొత్తలో పొత్రాన్ని నెమ్మదిగా, బలంకొద్దీ తిప్పుతాం. నలిగాక వేగంగా తిప్పుతాం. అక్కడ చేతికి తెలిసిన ఆ సంగతి ఇంజనుకు తెలియదు. అది ఒకే తీరున తిరుగుతుంది. దాని తిరుగుడును ఎక్కుడులో బలంగానూ, చదునులో వేగంగానూ మార్చి చక్రాలకు అందించేవే ఈ పళ్ల చక్రాలు. 1890ల నాటి ఫ్రెంచి పానార్ బళ్లలో ఒక చక్రాన్ని జరిపి, తిరుగుతున్న ఇంకో చక్రం పళ్లలోకి దూర్చేవారు. రెండింటి వేగమూ కలవకపోతే కరకరమని ఊరంతా వినబడేది. ఆ బాధకు మందు 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. పళ్లు కలవకముందే ఒక రింగు రాపిడితో రెండింటి వేగాన్నీ సమానం చేస్తుంది. కదిలే బస్సెక్కేవాడు ముందు దాని పక్కన నాలుగడుగులు పరుగెత్తి, ఆ వేగం అందుకున్నాకనే కదా కాలు పెడతాడు! అదే సూత్రం. మా జీపు గేరు పెట్టె పేరు టి-90. మూడే గేర్లు. రెండుకూ మూడుకూ ఆ పరుగెత్తే ఏర్పాటుంది, ఒకటికి లేదు. అందుకే బండి పూర్తిగా ఆగనిదే మొదటి గేరు వెయ్యకూడదని నాన్న తమ్ముణ్ణి కేకలేసేవారు.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. గేరు వేశాక అది అక్కడే ఉండాలి కదా! అందుకని లోపల జరిగే కడ్డీ మీద గాట్లుంటాయి. స్ప్రింగు నెట్టే ఉక్కు గోళీ ఒకటి ఆ గాటులో టక్కున కూర్చుంటుంది. కొన్ని బీరువా తలుపులు మూస్తే గోళీ పట్టుకుంటుందే, అచ్చం అలాగే. ఇలాంటి కడ్డీలు రెండు. రెండూ ఒకేసారి కదిలి గేర్లు ముడిపడకుండా మధ్యన ఒక చిన్న కాపలా ముక్క ఉంటుంది, ఉమ్మడి కుటుంబంలో అత్తగారిలా!

తమ్ముడి మాట కాదనలేక, అలాగని మనసొప్పకా ఊళ్లోని ఒక పెద్ద వర్క్‌షాపు మనిషిని పిలిపించాను. ఆయన జీపును సందు చివరిదాకా నడిపి, దిగి, చేతులు తుడుచుకుని, "మొత్తం గేర్‌బాక్సు మార్చాలి మేడమ్" అన్నాడు. చెప్పిన ఖర్చు జీపు ధర కంటే ఎక్కువ. అమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు పక్కింటివాళ్లు చెబితే, రైలు పట్టాల అవతల సందులో ఉండే ముసలి ఉస్తాద్‌ను తీసుకొచ్చాం. డెబ్భై దాటినవాడు. వాళ్ల తాత నిజాం కాలంలో బస్సుల షెడ్డులో చేశాడట. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది పనివాళ్లతో మొదలుపెట్టిన సర్వీసు అది. పాతబస్తీలో మోటారు పని అలా తండ్రి నుంచి కొడుక్కి, ఉస్తాద్ నుంచి శాగిర్దుకూ దిగుతూ వచ్చింది.

ఆయన వచ్చీరాగానే పానా పట్టలేదు. ముందు క్లచ్చి పెడల్ని చేత్తో నొక్కి చూశాడు. పైన ఒక అంగుళం ఊరికే ఆడాలట. లేకపోతే క్లచ్చి సరిగా పట్టదు. అది సరిగానే ఉంది. "వేసేటప్పుడు గీరుకుంటే క్లచ్చి మీద, రింగు మీద అనుమానం. వేసినాక జారితే కథ వేరే. మీది గీరుడు కాదు బేటీ, జారుడు" అన్నాడు నాతో. తరవాత గేరు పెట్టె పక్క మర విప్పి, నూనెలో వేలు ముంచి, వేళ్ల మధ్య రుద్ది ఎండకు పట్టాడు. ఇనప పొడి మెరవలేదు. పెట్టెను ఇంజను వైపు పట్టి ఉంచే బోల్టుల్లో రెండు వదులైతే బిగించాడు. అవి వదులైనా లోపలి ఇరుసు వాలి గేరు జారుతుందట. నడిపి చూశాడు. అయినా తన్నేసింది.

అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న, ఆ పెద్ద వర్క్‌షాపు మనిషికి తట్టనిది. "సాబ్ నడుపుతుంటే పక్కన ఎవరు కూర్చునేటోళ్లు?"

"నేనే" అంది అమ్మ గుమ్మంలోంచి.

"గేరు ఎగురుడు ఎప్పట్నించి అమ్మా?"

"అబ్బో! ఇగో, ఈ పిల్ల బడికి పోయే కాలం నుంచి."

నేను నోరు తెరిచాను. మాకెవరికీ తెలియదే!

"ఎక్కేటప్పుడు గూడ ఎగురుతదా, దిగేటప్పుడేనా?"

"దిగేటప్పుడే భాయ్. దోమలపెంట దాటి డ్యాము తట్టు ఘాటు దిగుతం సూడు, గప్పుడు. ఆయన రెండు చేతులు స్టీరింగు మీదనే ఉండాలె ఆ మలుపుల్ల. గందుకే నేను పట్టుకునేదాన్ని."

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "ఎంత జోరుగ పట్టాలె అమ్మా? చెయ్యి నొచ్చేటంత?"

అమ్మ గాలిలో కుడిచెయ్యి ముందుకు చాపి చూపించింది. "లే. గిట్ల రెండు వేళ్లు ఆనిస్తె సాలు. పండుకున్న పిల్ల మీద చెయ్యేసినట్టు."

"అయితే పళ్లు బాగున్నయ్ తల్లీ!" అన్నాడు ఆయన, మొహం విప్పారించి. నాకు విడమర్చి చెప్పాడు కూడా. ఎక్కుడులో ఇంజను చక్రాలను నెడుతుంది గనుక పళ్లు ఒకదాన్నొకటి అదిమి పట్టుకునే ఉంటాయి. దిగుడులో చక్రాలే ఇంజనును నెడతాయి. పట్టు తిరగబడి లోపల కుదుపు పుడుతుంది. పళ్ల అంచులు అరిగి వాలిపోయి ఉంటే, ఆ వాలు గేరును బలంగా బయటికి తోస్తుంది. అప్పుడు రెండు వేళ్లు కాదు, మోచేతి బలం పెట్టినా ఆగడం కష్టం. రెండు వేళ్లకే ఆగిందంటే పోయింది పళ్లు కావు, పట్టి ఉంచే గోళీ దగ్గర లోపం.

గేరు పెట్టెను కిందికి దించనే లేదు. కాళ్ల దగ్గరి రేకు విప్పి, గేరు కర్రతో సహా పై మూతను గిన్నె మీది మూతలా లేపాడు. కడ్డీలూ స్ప్రింగులూ ఆ మూతతోనే వచ్చాయి. రెండో గేరు కడ్డీ దగ్గర, నా చిటికెన వేలి గోరంత స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. లోపల పళ్లు చూడమని నన్ను పిలిచాడు. అంచులు చక్కగా ఉన్నాయి. కడ్డీని జరిపే పంగ ఒకటి కొంచెం అరిగితే, తన డబ్బాలోంచి వెతికి మంచిది వేశాడు. కొత్త స్ప్రింగు, కొత్త గోళీ, 90 నంబరు నూనె. అన్నీ కలిపి అయిన ఖర్చు మా ఇంటి నెల పాల బిల్లు కంటే తక్కువే!

సాయంత్రం ఫలక్‌నుమా గుట్ట వైపు పరీక్షకు బయల్దేరాం. ఉస్తాద్ స్టీరింగు దగ్గర, అమ్మ పక్కన, నేను నా పాత బల్ల మీద. గుట్ట ఎక్కి, తిరిగి దిగేటప్పుడు ఆయన రెండో గేరు వేశాడు. వేశాడో లేదో అమ్మ కుడిచెయ్యి తనంతట తనే వెళ్లి కర్ర మీద ఆనింది.

"తియ్యి అమ్మా, ఇప్పుడు ఉంటది" అన్నాడు మెల్లగా.

అమ్మ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. గేరు నిలిచింది. దిగువ దాకా నిలిచింది. నేను సంతోషంతో చప్పట్లు కొట్టాను. అమ్మ మాత్రం బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక, కూర తరుగుతూ అడిగాను. "ముప్ఫై ఏళ్లు అలా పట్టుకుని కూర్చోకపోతే, నాన్నతో చెప్పి బాగుచేయించొచ్చు కదమ్మా? ఇంత చిన్న స్ప్రింగుకు!"

అమ్మ కత్తిపీట ఆపింది. "మీ నాయిన రెండుమూడు మాట్ల చేయిస్తనన్నడు. నేనే వద్దన్న. ఇంట్ల అందరి ముంగట ఆయన పక్కన కూసుండుడే ఉండకపోవు ఆ దినాలల్ల. ఏడాదికొక్కపారి గా ఘాటు దిగుతుంటె, ఆయన పానం, మీ పానాలు నా చేతిలుండేటియి. బాగయితె నా చెయ్యి ఎవరికి గావాలె?"

నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నిట్లోనూ బండి నడిపినవాళ్ల పేర్లే ఉన్నాయి. పక్క సీటు గురించి ఎవరూ రాయలేదు. ఉస్తాద్ ఆ పక్క సీటును అడిగాడు, జబ్బు దొరికింది. అంతే తేడా.

జీపు పోయిన నెల పరీక్ష పాసైంది. తమ్ముడు ఇప్పుడు అమ్మకం మాట ఎత్తడం లేదు. వచ్చే శివరాత్రికి తనే నడుపుతాడట. ముందు సీటు అమ్మదని ఫోనులో ఖాయమైంది. విరిగిన స్ప్రింగు ముక్కలు రెండూ ఏమయ్యాయో అని మొన్న వెతికితే, అమ్మ పోపుల పెట్టెలో, చిల్లర డబ్బులతోపాటు కనబడ్డాయి. మూత మళ్లీ పెట్టేసి, నేను చూడనట్టే వచ్చేశాను.