హైదరాబాదులో ఒక క్లోరోఫాం పాఠం

1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి, క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. అప్పటికి ఆ మందు వాడుకలోకి వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. క్లోరోఫాంతో చనిపోయేవాళ్ళలో ముందు ఆగేది ఊపిరా, గుండె కొట్టుకోవడమా? ఊపిరి చూడమని ఎడింబరో వైద్యులు, నాడి చూడమని లండన్ వైద్యులు నలభై ఏళ్ళు వాదించుకున్నారు. ఆ తగాదా తేలుస్తామని ముందుకొచ్చింది మన హైదరాబాదు.

1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా ఇక్కడ వైద్య పాఠశాల పెట్టించాడు. తనకు జబ్బు నయం చేసిన రెసిడెన్సీ డాక్టరు మెక్లీన్ మీద కుదిరిన గురే అందుకు కారణం. మొదట్లో చదువంతా ఉర్దూలోనే. 1885లో వచ్చిన ఎడ్వర్డ్ లారీ దాన్ని ఇంగ్లీషుకి మార్చాడు. ఎడింబరోలో చదువుకున్న లారీ, ఊపిరి పక్షం మనిషి. క్లోరోఫాం ఇచ్చే పని తన విద్యార్థుల చేతే చేయించేవాడు. అలా నేర్చుకున్నవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళల్లో ఆమె పేరు చెప్పుకుంటారు.

1888లో లారీ మొదటి క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కల మీద చేసిన పరీక్షల్లో ఊపిరే ముందు ఆగిందని తేలింది. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. గుండె పక్షాన వచ్చిన బ్రంటన్ ఊపిరి పక్షానికి మారిపోయాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. 1911లో లండన్‌లో లెవీ, లూయిస్ పిల్లుల మీద మరోలా పరీక్షించారు. మత్తు ఎక్కువైతే కాదు, తక్కువగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని చూపించారు. అంటే హైదరాబాదులో చూసింది అబద్ధం కాదు, చూడనిది మిగిలిపోయింది. మోతాదు మించితే ఏమవుతుందో చూశారు గానీ, చాలకపోతే ఏమవుతుందని అడగలేదు. ఊపిరి మీదే కన్నుంచండి, నాడి సంగతి వదిలేయండి అన్న సూత్రం మాత్రం విద్యార్థులకు పాఠమైపోయింది.

లారీని తీసిపారేయలేం. పరిశోధన అంటే దూరదేశాల వ్యవహారం అనుకునే రోజుల్లో ఒక సంస్థానంలోని చిన్న బడిని ప్రపంచ చర్చలోకి లాక్కెళ్ళాడు. ఊపిరిని కనిపెట్టి చూసే ఓపిక పిల్లలకు నేర్పాడు. నేర్పనిది ఒక్కటే: గురువుగారి మాటను కూడా పరీక్షకు పెట్టడం.

ఇవాళ అవకాశాలకు లోటు లేదు. వైద్య పరిశోధన మండలి 1979 నుంచీ ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల పరిశోధనకు స్టైపెండ్ ఇస్తోంది. పీజీలకు థీసిస్ తప్పనిసరి. అధ్యాపకులకూ పరిశోధన పద్ధతుల కోర్సు ఉంది. ఇవన్నీ సర్టిఫికెట్‌తో ముగియకుండా ఉండాలంటే, "సార్, మనం అనుకున్నది తప్పయితే?" అని విద్యార్థి అడగగలగాలి. అడిగినప్పుడు సారుకి కోపం రాకూడదు. ఈ రెండోది నేర్పడమే కష్టం.