ఆయుధ నియంత్రణ: ఉదయగిరి జాగీరు నుంచి పంట తుపాకి దాకా

పశ్చిమ నెల్లూరులో ఆయుధ నియంత్రణ చరిత్ర 1878 నాటి ఆయుధ చట్టంతో మొదలు కాలేదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ వద్ద ఆయుధ నిల్వలు బయటపడ్డాయి. ఆయనతో కలిసి కుట్ర పన్నాడని కంపెనీ ప్రభుత్వం ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించి, జాగీరును స్వాధీనం చేసుకుంది. కంపెనీని భయపెట్టింది తుపాకి వల్ల జరిగే ప్రాణహాని కాదు, తిరుగుబాటు. 1878 చట్టం ఆ భయానికే శాసనరూపం: భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, ఐరోపావారికి మినహాయింపు. అటువంటి కాఠిన్యాన్ని ప్రజాభద్రతకు కొలమానంగా తీసుకోలేము.

1959 చట్టం ఈ జాతివివక్షను తొలగించింది. గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలును 13వ సెక్షనులో కల్పించింది. వెలిగొండల అంచున ఉదయగిరి, ఆత్మకూరు మెట్టరైతుకు చట్టంలో దగ్గరగా వచ్చే మాట ఇదొక్కటే. (అడవిపందిని కాల్చడానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలన్నది మరో చిక్కు.)

2019 సవరణ ఒకరి వద్ద ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు కుదించింది. అక్రమ తయారీకి శిక్షను ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచింది. మొదటి నిబంధన రిజిస్టరుకెక్కిన తుపాకులకే వర్తిస్తుంది. నాటు తుపాకిని అది తయారయ్యే కొలిమి దగ్గరే అడ్డుకోగలిగేది రెండవది. హాని తగ్గించే శక్తి ఉన్నది దానికే. ఎన్నికల ముందు పోలీసుస్టేషనులో జమ చేయించేవి సైతం లైసెన్సు తుపాకులే. ఏ రిజిస్టరులోనూ లేని నాటు తుపాకికి ఆ పిలుపు అందదు.