కమాండ్: చేతిలో పెట్టిన మాట

పొద్దున్నే పేపరు తెరిస్తే పార్టీ హైకమాండ్, ఉద్యోగుల డిమాండ్లు, ఎమ్మెల్యే రికమెండేషన్, హైకోర్టు మాండమస్. ఒకదానికొకటి పొంతన లేనట్టున్నా ఈ నాలుగూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి 'మాండారె' అనే లాటిన్ క్రియ.

లాటిన్‌లో 'మానుస్' అంటే చెయ్యి, 'దారె' అంటే ఇవ్వడం. ఈ రెండూ కలిసి 'మాండారె' పుట్టిందని ఎక్కువమంది భాషావేత్తలు చెబుతారు. అంటే చేతిలో పెట్టడం. మన పెళ్లిళ్లలో అప్పగింతలప్పుడు కూతురి చేతిని అత్తింటివారి చేతిలో పెడతామే, అదీ ఈ మాటలోని అసలు భావం. రోమన్ న్యాయశాస్త్రంలో 'మాండాటుమ్' అనే ఒప్పందం ఉండేది. ఒకరు అప్పగించిన పనిని మరొకరు ప్రతిఫలం తీసుకోకుండా చేసిపెట్టాలి. నమ్మకమే దాని పునాది. చక్రవర్తులు గవర్నర్లకు ఇచ్చే ఆదేశాలకూ ఇదే పేరు. అప్పగింత మెల్లగా ఆజ్ఞగా మారింది.

ఈ క్రియకు ముందు ఉపసర్గ చేరి 'కొమ్మెండారె' అయింది. అప్పగించడం, మెచ్చి చెప్పడం దాని అర్థాలు. రికమెండేషన్ ఆ కొమ్మదే. జనం నోట అదే 'కొమ్మాండారె'గా మారి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరి కమాండ్ అయింది. మధ్యయుగపు ఐరోపాలో చిన్న దొర పెద్ద దొర ముందు మోకరిల్లి, జోడించిన చేతులను ఆయన చేతుల మధ్య ఉంచి తనను తాను అప్పగించుకునేవాడు. ఆ ఆచారం పేరు కమెండేషన్. ఇక్కడా చేతులే.

తర్వాత ఒక్కో దేశం ఈ మాటను ఒక్కో పనికి పెట్టుకుంది. ఫ్రెంచివారి 'కొమాందే' సేనాపతి ఆజ్ఞాపించడానికీ పనికొస్తుంది, హోటల్లో భోజనం ఆర్డరివ్వడానికీ పనికొస్తుంది. వారి 'దమాందే' మామూలుగా అడగడమే. అదే మాట ఇంగ్లిషులో 'డిమాండ్' అయ్యేసరికి గట్టిగా పట్టుబట్టడమైంది. మనకు చేరింది ఆ పట్టుదలే. స్పానిష్ 'మందార్'కు ఆజ్ఞాపించడంతో పాటు పంపడమనే అర్థమూ ఉంది. మెక్సికోలో మాట సరిగా వినబడకపోతే మర్యాదగా 'మందే?' అంటారు, 'సెలవివ్వండి' అన్నట్టు. ఇటలీవారికి టీవీ రిమోట్ 'తెలెకొమాందో'. పోలండ్‌లో 'కొమెండా' ఆజ్ఞే కాదు, పోలీసు ప్రధాన కార్యాలయం కూడా. రష్యాలో 'కమాందా' అంటే ఆజ్ఞ, ఆటగాళ్ల జట్టు కూడా. ఆజ్ఞ ఇచ్చేవాడి మాట అక్కడ ఆజ్ఞ పాటించేవాళ్ల పేరైంది.

అలాంటి మలుపే దక్షిణాఫ్రికాలోనూ జరిగింది. పోర్చుగీసు 'కొమాందో' డచ్చి రైతుల నోట గుర్రాల మీద తిరిగే పౌరసేనకు పేరైంది. 1899–1902 బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాన్ని ఆ దళాలు ముప్పుతిప్పలు పెట్టాయి. 1940లో బ్రిటన్ తన మెరుపుదాడుల దళాలకు, ఒకప్పుడు తనను ఏడిపించిన ఆ పేరే పెట్టుకుంది. మన గ్రేహౌండ్స్ కమాండోల పేరు ఇంత దూరం నడిచి వచ్చింది.

ఈ కుటుంబంలోకి మన మాట కూడా ఒకటి చేరింది. సంస్కృత 'మంత్రి' మలయ్ భాషలో 'మెంతెరి' అయింది. 16వ శతాబ్దంలో ఆగ్నేయాసియాకు వెళ్లిన పోర్చుగీసువారు దాన్ని విని, తమ 'మందార్' ప్రభావంతో 'మందరిం' అన్నారు. చైనా అధికారులకు, ఆపైన వాళ్లు మాట్లాడే భాషకు మాండరిన్ అనే పేరు అలా వచ్చింది.

ఇక మాండమస్. లాటిన్‌లో దాని అర్థం 'మేం ఆజ్ఞాపిస్తున్నాం'. అధికారి తన విధిని చెయ్యకపోతే మన రాజ్యాంగం 32, 226 అధికరణాల కింద సామాన్యుడు కోర్టుకెక్కి ఈ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఎన్నికల్లో గెలిచినవారు తరచూ చెప్పుకునే మాండేట్ కూడా ఈ ఇంటి మాటే. ఆ మాట వాడే ప్రతి నాయకుడూ దాని పుట్టుక తెలుసుకోవాలి. మాండేట్ అంటే గెలుచుకున్న సొత్తు కాదు, జనం నమ్మి చేతిలో పెట్టిన పని.