అంగడి, దుకాణం, కిరాణం: చౌటుప్పల్ ప్రాంతంలో సరుకుల కొనుగోలు

రాయలసీమలో అంగడి అంటే దుకాణం. చౌటుప్పల్ ప్రాంతంలో వారానికొకనాడు జరిగే సంత. నిత్యం తెరిచి ఉండే కొట్టుకు ఇక్కడ ఫారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చిన ‘దుకాణం’ అన్న మాటే స్థిరపడింది.

హైదరాబాదు రాజ్యకాలంలో నాలుగు దుకాణాలు తిరిగి కొనడం వట్టి సరదా కాదు. సోల, తవ్వ, మానిక అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండేవి కావు. గింజలు పాత్ర అంచుకు సమంగా కొలుస్తారా, గోపురంగా పోస్తారా, పైన కొసరు వేస్తారా అన్నది చూసుకోవాలి. దానికి తోడు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. ఇంటి ఇల్లాలి నేర్పు ఈ లెక్కలోనే తేలేది.

1956 నాటి తూనికలు కొలతల చట్టంతో కిలో, లీటరు వచ్చాయి. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసింది. దీనివల్ల ఎక్కువ మేలు పొందినది లెక్క రాని కూలీలేనని నా అభిప్రాయం. పాత కొలతలపై బెంగ పెట్టుకునేవారు ఈ సంగతి మరువరాదు. 1990 నుండి పొట్లంపై గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయడంతో టీ పొడికి, సబ్బుకు దుకాణం మార్చే అవసరమూ తగ్గింది.

చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు విడిగా అమ్మేచోట మాత్రం కొనేవారు ఇప్పటికీ చేత పట్టి, వాసన చూసి, నచ్చకుంటే పక్క దుకాణానికి నడుస్తారు.